చాప్టర్ పుస్తకాలు: ప్రాథమిక తరగతుల పిల్లలకు ఏవి ఇవ్వాలి, ఎలా మొదలుపెట్టాలి

బొమ్మల పుస్తకాలను ఇట్టే చదివేసే పిల్లలు కూడా చాప్టర్ పుస్తకం, అంటే బొమ్మలు తక్కువగా ఉండి అధ్యాయాలుగా సాగే కథల పుస్తకం, చేతికి ఇవ్వగానే తటపటాయిస్తారు. రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టేస్తారు. చూసేవాళ్లకు అది బద్ధకంలా కనిపిస్తుంది గానీ కాదు. బొమ్మల పుస్తకంలో సగం కథను బొమ్మే చెప్పేస్తుంది, ఒక్కసారి కూర్చుంటే కథ అయిపోతుంది. చాప్టర్ పుస్తకంలో బొమ్మ చేసే పనంతా పిల్లలే మనసులో చేసుకోవాలి. నిన్న ఎక్కడ ఆపామో గుర్తుండాలి. ఎవరు ఎవరికి ఏమవుతారో పట్టుకోవాలి. ఏడేళ్ల వయసులో ఈ మూడు పనులూ ఒక్కసారిగా మీద పడటం చిన్న సంగతి కాదు.

ఒకటి నుంచి ఐదో తరగతి వరకు, అంటే సుమారు ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలను ఈ దశ ఎలా దాటించాలో, ఏ వయసుకు ఏ పుస్తకాలు బాగా పనికొస్తాయో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నా సలహా అంతా ఒక పద్ధతి మీద నిలబడి ఉంది: పిల్లలకు ఎప్పుడూ రెండు పుస్తకాలు నడుస్తూ ఉండాలి. ఒకటి సొంతంగా చదువుకునేది. అది వాళ్ల శక్తికి ఒక మెట్టు కింద ఉండాలి. రెండోది పెద్దవాళ్లు చదివి వినిపించేది. అది ఒక మెట్టు పైన ఉండాలి. చాలామంది సరిగ్గా దీనికి విరుద్ధంగా చేస్తారు. చదవడం వచ్చింది కదా అని వినిపించడం మానేస్తారు, పైగా కష్టమైన పుస్తకం చేతిలో పెట్టి ‘ఇక నువ్వే చదువుకో’ అంటారు. పుస్తకం మీద ఇష్టం పోయేది అక్కడే.

మొదట పిల్లలు ఎక్కడున్నారో చూడండి

పుస్తకం కొనేముందు, లైబ్రరీలో తీసుకునేముందు, పదినిమిషాలు పక్కన కూర్చుని చదివించండి. ఉపాధ్యాయులు వాడే ఐదు వేళ్ల పద్ధతి ఇందుకు బాగా పనికొస్తుంది. పుస్తకం మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదవమనండి. తెలియని మాట తగిలిన ప్రతిసారీ ఒక వేలు ముడవాలి. పేజీ పూర్తయ్యేసరికి ఒక వేలు ముడిచినా, అసలు ముడవకపోయినా పుస్తకం తేలిక. రెండు మూడు వేళ్లయితే సరిపోయినట్టు. ఐదూ ముడుచుకుంటే ఆ పుస్తకం ప్రస్తుతానికి మీరు చదివి వినిపించాల్సినది. పేజీకి వంద మాటల దాకా ఉండే పుస్తకాలకు ఈ లెక్క సరిపోతుంది. పేజీకి ఇరవై మాటలే ఉంటే నాలుగైదు పేజీలు కలిపి చూడాలి.

వేళ్ల లెక్కతోనే ఆగితే సగమే తెలుస్తుంది. మిగతా సగం కోసం పుస్తకం మూసి, ‘ఇప్పటిదాకా ఏమైంది?’ అని అడగండి. జవాబులో ఎవరు, ఏం చేశారు, ఎందుకు చేశారు అన్న మూడూ వస్తే పిల్లలు కథలో ఉన్నట్టే. ‘ఒక అబ్బాయి ఉన్నాడు, పడవ ఎక్కాడు’ అని ఆగిపోతే ‘ఎందుకు ఎక్కాడు?’ అని అడిగి చూడండి. ఆ ‘ఎందుకు’కు జవాబు రాకపోతే కళ్లు అక్షరాల మీద నడిచాయే తప్ప కథ లోపలికి వెళ్లలేదని అర్థం.

తెలుగు చదివే పిల్లల విషయంలో ఈ రెండో పరీక్ష ఇంకా ముఖ్యం. ఇంగ్లిషులో మాట తెలియకపోతే పలకడం దగ్గరే తడబడతారు, మనకు వెంటనే తెలిసిపోతుంది. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి గుణింతాలు, ఒత్తులు వచ్చిన పిల్లలు అర్థం కాని వాక్యాన్ని కూడా గడగడా చదివేస్తారు. వినేవాళ్లకు ముచ్చటేస్తుంది. కథ మాత్రం వాళ్లకు అందదు.

ఇంగ్లిషు పుస్తకాలకు లెక్సైల్ వంటి స్థాయి అంకెలు ఇస్తుంటారు. వాటిని పక్కన పెట్టుకోండి, వాటికే కట్టుబడకండి. అవి ముఖ్యంగా చూసేది వాక్యాల పొడవును, మాటలు ఎంత వాడుకలో ఉన్నాయన్నదాన్ని. స్టైన్‌బెక్ నవల ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ ఆర్థిక మాంద్యంలో భూమి పోగొట్టుకుని వలసపోయిన కుటుంబం కథ. ఇలాంటి అంకెల కొలతలో అది రెండు మూడు తరగతుల పిల్లల స్థాయిలో తేలుతుంది. అందులో సంభాషణలు ఎక్కువ, మాటలు తేలిక. అమెరికాలో బడి చదువుల కోసం తయారైన కామన్ కోర్ ప్రమాణాల పత్రం స్వయంగా ఈ నవలనే ఉదాహరణగా తీసుకుని, అంకెలతో పాటు మనిషి అంచనా కూడా ఉండాలంటుంది. ఆ అంచనా వేయగలిగేది పిల్లల పక్కన కూర్చున్న మనిషే.

పుస్తకం తెరిచి ఏం చూడాలి

అట్ట మీద ‘7 నుంచి 9 ఏళ్లు’ అని ఉన్నా నమ్మేయకుండా లోపలికి వెళ్లండి. అక్షరాలు పెద్దవిగా, వరుసల మధ్య జాగా ఎక్కువగా ఉందా? రెండు మూడు పేజీలకు ఒక బొమ్మయినా ఉందా? అధ్యాయం ఆరు నుంచి పది పేజీల్లో ముగుస్తోందా? మొదటి అధ్యాయంలో ఎన్ని పాత్రల పేర్లు వస్తున్నాయి? నలుగురైదుగురికి మించితే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు గందరగోళమే. సంభాషణలు బాగా ఉంటే పేజీ తేలిగ్గా సాగుతుంది. వర్ణనతో నిండిన పొడుగాటి పేరాలు మొదటి పుస్తకానికి పనికిరావు.

వీటన్నిటికంటే నేను ముందు చూసేది రెండో అధ్యాయం చివరి పేజీ. అక్కడ ఏదో ఒకటి తేలకుండా ఉండాలి. తలుపు తెరుచుకుందా లేదా, ఉత్తరంలో ఏముంది, ఆ చప్పుడు ఎవరిది? పిల్లలను మర్నాడు మళ్లీ పుస్తకం దగ్గరకు రప్పించేది ఆ తేలని సంగతే.

మంచి చాప్టర్ పుస్తకం లోపల ఎలా అల్లి ఉంటుందో చూడాలంటే 1948లో రూత్ స్టైల్స్ గానెట్ రాసిన ‘మై ఫాదర్స్ డ్రాగన్’ తీసుకోండి. ఎల్మర్ అనే అబ్బాయి అడవి దీవిలో బందీగా ఉన్న డ్రాగన్ పిల్లను విడిపించడానికి బయల్దేరతాడు. వెళ్లేముందు తన సంచిలో సర్దుకున్న వస్తువుల జాబితా ఉంటుంది: చూయింగ్ గమ్, లాలీపాప్‌లు, రబ్బరు బ్యాండ్లు, టూత్‌బ్రష్, భూతద్దాలు, దువ్వెన, రిబ్బన్లు. చదివేవాళ్లకు ఇవన్నీ ఎందుకో అర్థం కాదు. తర్వాత అధ్యాయానికొక జంతువు అడ్డుపడుతుంది, సంచిలోంచి ఒక వస్తువు బయటికొస్తుంది. కొమ్ము మాసిపోయిందని బాధపడే ఖడ్గమృగానికి టూత్‌బ్రష్, జూలు చిక్కుపడిన సింహానికి దువ్వెన, రిబ్బన్లు. మూడో జంతువు వచ్చేసరికి పిల్లలు పేజీ తిప్పకముందే ‘ఇప్పుడు భూతద్దం తీస్తాడా?’ అని ఊహించడం మొదలుపెడతారు. ముందు చదివింది గుర్తుపెట్టుకోవడం, రాబోయేది ఊహించడం అనే రెండు పనులనూ ఆ సంచి ఒక్కటే నేర్పేస్తుంది. పుస్తకం మొత్తం పది చిన్న అధ్యాయాలు. ఒక్క చిక్కు మాత్రం ముందే చెప్పండి: కథ చెప్పే మనిషి ఎల్మర్‌ను చివరిదాకా ‘మా నాన్న’ అనే అంటాడు. నాన్న చిన్నప్పటి కథ అని మొదట్లోనే విప్పి చెప్పకపోతే పిల్లలు తికమకపడతారు.

దశల వారీగా పుస్తకాలు

తరగతుల అంకెలు సుమారుగా ఇస్తున్నాను. మూడో తరగతి పాపకు మొదటి దశ పుస్తకం నచ్చితే అదే సరైన పుస్తకం.

*ఒకటి, రెండు తరగతులు.* ఇక్కడ కావలసింది ఒక్కో అధ్యాయం ఒక్కో కథగా ముగిసిపోయే పుస్తకం. ఎల్స్ మినరిక్ రాయగా మారిస్ సెండాక్ బొమ్మలు వేసిన ‘లిటిల్ బేర్’ 1957లో వచ్చింది. ఇప్పటికీ మొదటి మెట్టుగా దానికి సాటి తక్కువ. దాని తర్వాత నా మొదటి సిఫారసు ఆర్నాల్డ్ లోబెల్ ‘ఫ్రాగ్ అండ్ టోడ్’ పుస్తకాలు. నాలుగు పుస్తకాలు, ఒక్కోదానిలో ఐదు కథలు. మాటలు చాలా తేలిక, భావం మాత్రం తేలిక కాదు. 1972 నాటి రెండో పుస్తకంలో టోడ్ ఆ రోజు చేయాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద రాసుకుంటాడు. గాలికి ఆ కాగితం ఎగిరిపోతుంది. ‘పట్టుకో’ అని ఫ్రాగ్ అంటే, కాగితం వెనక పరుగెత్తడం తన జాబితాలో లేదు కాబట్టి పరుగెత్తలేనంటాడు. ఆరేళ్ల పిల్లలు దీనికి పడీపడీ నవ్వుతారు, పక్కనున్న పెద్దవాళ్లు కాస్త ఆలోచనలో పడతారు. రెండు వయసులవాళ్లనూ పట్టుకునే ఇంత చిన్న కథలు అరుదు.

సింథియా రైలెంట్ ‘హెన్రీ అండ్ మడ్జ్’లో ఒక అబ్బాయి, వాడి పెద్ద కుక్క. కేట్ డికమీలో రాసిన ‘మెర్సీ వాట్సన్’ పుస్తకాల్లో ఒక పంది, దాన్ని సొంత బిడ్డలా చూసుకునే దంపతులు. మెర్సీలో దాదాపు ప్రతి పేజీలోనూ రంగుల బొమ్మ ఉంటుంది. బొమ్మల పుస్తకం వదలలేని పిల్లలకు ఇది మంచి వారధి.

*రెండు, మూడు తరగతులు.* ఒకే కథ పుస్తకమంతా సాగడం ఇక్కడ మొదలవుతుంది. మేరీ పోప్ ఆస్‌బోర్న్ ‘మ్యాజిక్ ట్రీ హౌస్’ 1992లో డైనోసార్ల కాలంతో మొదలైంది. జాక్, ఆనీ అనే అన్నాచెల్లెళ్లు చెట్టు మీది ఇంట్లోంచి ఒక్కో పుస్తకంలో ఒక్కో కాలానికి వెళ్తారు. సాహిత్యంగా గొప్పవని అనను. కానీ ఈ దశలో ఒకే రకం పుస్తకాలు వరసగా చదవడం వల్ల కలిగే మేలు చాలా పెద్దది. పాత్రలు తెలుసు, కథ నడిచే తీరు తెలుసు, కాబట్టి మనసు మీద బరువు తగ్గి చదివే వేగం పెరుగుతుంది. ‘మళ్లీ అదేనా’ అని విసుక్కోకండి. అదే వరసలో పది చదివిన పిల్లలు పదకొండోదానికి వేరే పుస్తకం తామే అడుగుతారు.

ఇదే దశలో ‘మై ఫాదర్స్ డ్రాగన్’ ఉంది. అటినూకే రాసిన ‘ఆనా హైబిస్కస్’ ఆఫ్రికాలో ఉమ్మడి కుటుంబంలో పెరిగే పాప కథలు. తాతయ్య, నానమ్మ, అత్తలు, బాబాయిలు, వాళ్ల పిల్లల సందడి మన పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది. ఏబీ హాన్లన్ ‘డోరీ ఫాంటస్మాగరీ’ ఊహాలోకంలో బతికే ఆరేళ్ల పాప కథ. కుదురుగా కూర్చోని పిల్లలకు నేను మొదట ఇచ్చేది అదే. ఎప్పుడూ ‘ఎందుకు, ఎలా’ అని అడిగే పిల్లలకు ఏషియా సిత్రో ‘జోయీ అండ్ ససాఫ్రాస్’ ఇవ్వండి. అందులో మాయా జంతువుల జబ్బులు నయమయ్యేది మంత్రంతో కాదు, ప్రయోగం చేసి చూడటంతో. భారతీయ పిల్లల కథలే కావాలంటే డక్‌బిల్ సంస్థ ‘హోల్ బుక్స్’ ఈ దశకే తయారైనవి. పుస్తకం మూలన నిజంగానే ఒక రంధ్రం ఉంటుంది. అరుంధతీ వెంకటేశ్ ‘పేటూ పంప్‌కిన్’ అందులోదే.

*మూడు, నాలుగు తరగతులు.* బెవర్లీ క్లియరీ రచయిత్రి కాకముందు లైబ్రేరియన్. మాలాంటి పిల్లల గురించి పుస్తకాలు ఎక్కడున్నాయని లైబ్రరీకి వచ్చిన అబ్బాయిలు అడిగితే చూపించడానికి ఆమెకు ఏమీ దొరకలేదు. ఆ వెలితిలోంచే 1950లో ‘హెన్రీ హగిన్స్’ వచ్చింది, తర్వాత రమోనా అనే పాప పుస్తకాలు వచ్చాయి. 1981లో వచ్చిన ‘రమోనా క్వింబీ, ఏజ్ 8’లో మాయలు లేవు, సాహసాలు లేవు. తన టీచరు తనను విసిగించే పిల్ల అనుకుంటోందని చెవిన పడితే ఎనిమిదేళ్ల పిల్ల ఎలా కుంగిపోతుందో ఉంటుంది. తన మనసులో మాట పుస్తకంలో కనిపించడం ఎలా ఉంటుందో పిల్లలు మొదటిసారి తెలుసుకునేది ఇలాంటి పుస్తకాల్లోనే.

రోల్డ్ డాల్ పుస్తకాల్లో చిన్నదైన ‘ఫెంటాస్టిక్ మిస్టర్ ఫాక్స్’తో ఈ వయసులో మొదలుపెట్టవచ్చు. రస్కిన్ బాండ్ ‘ద బ్లూ అంబ్రెల్లా’ను తప్పకుండా చదివించండి. కొండ పల్లెలో బిన్యా అనే పాప తన చిరుతపులి గోరు తాయెత్తు ఇచ్చి ఒక నీలం గొడుగు తీసుకుంటుంది. ఆ గొడుగు మీద దుకాణదారుకు కలిగే ఆశ చుట్టూ కథంతా తిరుగుతుంది. చెడ్డ పని చేసిన మనిషి మీద కూడా జాలి కలిగేలా రాయడం తేలిక కాదు. పీటర్ బ్రౌన్ ‘ద వైల్డ్ రోబో’ లావు చూసి భయపడవద్దు. అందులో 80 అధ్యాయాలున్నాయి, చాలావరకు రెండు మూడు పేజీలే. ‘ఇంకొక్కటి, ఇంకొక్కటి’ అంటూ పిల్లలు తమకు తెలియకుండానే పెద్ద పుస్తకం పూర్తిచేస్తారు. ఆ తర్వాత వాళ్లకు లావు పుస్తకమంటే బెరుకుండదు.

*నాలుగు, ఐదు తరగతులు.* ‘మటిల్డా’, ‘షార్లెట్స్ వెబ్’ సొంతంగా చదవగలిగే వయసు ఇది. గొరిల్లా తన కథ తానే చెప్పుకునే ‘ద వన్ అండ్ ఓన్లీ ఐవన్’ వాక్యాలు చాలా చిన్నవి, దుఃఖం మాత్రం లోతైనది. బ్రయన్ సెల్జ్‌నిక్ ‘హ్యూగో కాబ్రే’ అయిదు వందల పేజీలు దాటుతుంది గానీ సగానికి పైగా పెన్సిల్ బొమ్మలే, కథలో కొంత భాగం బొమ్మల్లోనే జరుగుతుంది. చదవడంలో వెనకబడ్డానని సిగ్గుపడే ఐదో తరగతి అబ్బాయి చేతిలో ఆ పుస్తకం ఉంటే వాడి నడకే మారిపోతుంది.

వినిపించే పుస్తకం

ప్రాథమిక తరగతుల్లో పిల్లలు చదివి అర్థం చేసుకోగలిగినదానికంటే విని అర్థం చేసుకోగలిగింది ఎక్కువ. అందుకే రెండో తరగతి పిల్లలకు ఐదో తరగతి పుస్తకం వినిపించినా అందుతుంది. 1952లో ఇ.బి. వైట్ రాసిన ‘షార్లెట్స్ వెబ్’ ఏడేళ్ల నుంచే వినిపించవచ్చు. మొత్తం 22 అధ్యాయాలు, రోజుకు ఒకటి చొప్పున మూడు వారాలు.

వినిపించడానికి నాకు అన్నిటికంటే ఇష్టమైనది తెత్సుకో కురొయనాగి ‘తొత్తోచాన్’. జపానులో 1981లో వచ్చింది. తెలుగులో ‘రైలుబడి’ పేరుతో దొరుకుతుంది. కుదురు లేదని మొదటి బడిలోంచి పంపేసిన పాప రెండో బడికి వస్తుంది. అక్కడ పాత రైలు పెట్టెలే తరగతి గదులు. ప్రధానోపాధ్యాయుడు కొబయాషి ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీ గురించి ఏం చెప్పాలనుంటే అది చెప్పమంటాడు. నాలుగు గంటలు వింటాడు. ఒక్కసారి ఆవలించడు. బడికి వెళ్లే పిల్లలకు ఈ ఘట్టం వినిపించి వాళ్ల ముఖం చూడండి. అధ్యాయాలు చాలా చిన్నవి, ఏ అధ్యాయానికి ఆ అధ్యాయం విడిగా నిలబడుతుంది. మధ్యలో నాలుగు రోజులు చదవడం కుదరకపోయినా తీగ తెగదు.

వినిపించేటప్పుడు నాటకంలా గొంతులు మార్చనక్కరలేదు. నెమ్మదిగా చదవండి, అంతే. తెలియని మాట వస్తే ఆగి పాఠం చెప్పకండి. ఒక్క చిన్న మాటలో అర్థం కలిపేసి ముందుకు వెళ్లండి.

కొత్త పుస్తకం ఎలా మొదలుపెట్టాలి

పుస్తకాన్ని చేతికిచ్చి వెళ్లిపోవద్దు. మొదటి అధ్యాయం మొత్తం మీరే చదవండి. పాత్రల పేర్లు, చోటు, కథ నడిచే ధోరణి పరిచయమయ్యేది అక్కడ. సగంమంది పిల్లలు ఓడిపోయేదీ అక్కడే. రెండో రోజు ఒక పేజీ మీరు, ఒక పేజీ వాళ్లు. తప్పు చదివినా అర్థం మారనంతవరకు సరిదిద్దవద్దు. అర్థం మారితే ఆ వాక్యం చివర ఆగి, ‘ఇది సరిగ్గా ఉందా?’ అని మాత్రం అడగండి. చాలాసార్లు వాళ్లే వెనక్కి వెళ్లి దిద్దుకుంటారు. మూడో రోజు మీరు చదువుతూ మంచి పట్టులో ఆపేసి, పుస్తకం అందేచోట పెట్టి మీ పని చూసుకోండి. కొందరు ఆ సాయంత్రమే తెరుస్తారు. తెరవకపోతే మర్నాడు మళ్లీ చెరో పేజీ. కొందరికి ఇలా రెండు మూడు పుస్తకాల పాటు సాగుతుంది, అందులో కంగారు పడాల్సిందేమీ లేదు.

రోజుకు పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే ఇదే నయం, ఎందుకంటే వారం గ్యాప్ వస్తే కథ మరిచిపోతారు. కూర్చున్న ప్రతిసారీ ‘నిన్న ఎక్కడ ఆపాం?’ అని వాళ్లతోనే చెప్పించండి.

మధ్యలో ఆగిపోతే

ముందు కారణం తెలుసుకోండి. కష్టంగా ఉంటే దాన్ని వినిపించే పుస్తకంగా మార్చి, చదువుకోవడానికి ఇంకో తేలికైనది ఇవ్వండి. విసుగ్గా ఉంటే ఇంకో రెండు అధ్యాయాలు చూసి, అప్పటికీ నచ్చకపోతే వదిలేయండి. కొన్న పుస్తకం కదా అని బలవంతం చేస్తే పోయేది ఆ ఒక్క పుస్తకం మీద ఇష్టం మాత్రమే కాదు. భయంగా ఉంటే ఆ సంగతి పిల్లలు నేరుగా చెప్పరు. ‘బోర్’ అనే అంటారు. ఏ ఘట్టం దగ్గర ఆగారో చూస్తే తెలిసిపోతుంది. అప్పుడు ‘ఆఖరికి ఏమవుతుందో ముందే చెప్పనా?’ అని అడగండి. కథ తెలిసిపోతే ఆసక్తి పోతుందని పెద్దవాళ్లు అనుకుంటారు. భయపడిన పిల్లలకు మాత్రం అది ధైర్యం ఇస్తుంది.

కామిక్స్ మాత్రమే చదువుతున్నారన్నది తరచుగా వినే ఫిర్యాదు. చదవనివ్వండి. ‘డాగ్ మ్యాన్’ కామిక్స్ రాసిన డేవ్ పిల్కీ స్వయంగా చదవడాన్ని కష్టం చేసే డిస్‌లెక్సియా, ఏకాగ్రత లోపంతో చదువులో ఇబ్బంది పడినవాడు. అలాంటి పిల్లలకు పేజీ తిప్పడం ఎంత కష్టమో తెలిసి రాసినవాడు. కామిక్స్‌తో పాటు వినిపించే పుస్తకం నడుస్తూ ఉంటే పొడవైన వాక్యాలు, కొత్త మాటలు అటువైపు నుంచి చెవిన పడుతూనే ఉంటాయి. ఎంత తేలికైన పుస్తకమిచ్చినా అక్షరాలు తారుమారవుతున్నట్టు, ఒకే మాటను ప్రతిసారీ కొత్తగా కూడబలుక్కుంటున్నట్టు నెలల తరబడి కనిపిస్తే, టీచరుతో మాట్లాడి నిపుణులకు చూపించండి. దాన్ని సోమరితనమని మాత్రం అనకండి.

బరువైన ఘట్టాలు, పాత పుస్తకాలు

‘షార్లెట్స్ వెబ్’ 21వ అధ్యాయం చివర సాలీడు షార్లెట్ చనిపోతుంది. ‘రైలుబడి’లో పోలియో వచ్చిన స్నేహితుడు చనిపోతాడు, యుద్ధంలో బడి తగలబడిపోతుంది. వీటిని దాటవేయవద్దు. ముందే తెలుసుకుని, ఆ అధ్యాయం నిద్రకు ముందు కాకుండా తీరిక ఉన్న సమయంలో, పక్కన కూర్చుని చదవండి. ఏడిస్తే ఏడవనివ్వండి. అన్ని మరణాలూ ఒకలాంటివి కావు. షార్లెట్ మరణానికి కథ ముందు నుంచీ మనల్ని సిద్ధం చేస్తుంది, తర్వాత ఆమె పిల్లలు పుడతాయి. 1977లో వచ్చిన ‘బ్రిడ్జ్ టు టెరబీథియా’లో పిల్ల మరణం పిడుగులా పడుతుంది. పదేళ్లకు ముందు దాన్ని ఒంటరిగా చదవనివ్వకండి.

పాత పుస్తకాల్లో మనుషుల రంగును, జాతిని, శరీరాన్ని కించపరిచే మాటలు దొర్లుతాయి. ‘చార్లీ అండ్ ద చాక్లెట్ ఫ్యాక్టరీ’ 1964లో వచ్చినప్పుడు ఆ ఫ్యాక్టరీలో పనిచేసే ఊంపా లూంపాలు ఆఫ్రికా నుంచి తెచ్చిన పిగ్మీలు, అంటే అక్కడి పొట్టి మనుషుల జాతివాళ్లు. విమర్శలు వచ్చాక 1973లో రచయితే దాన్ని మార్చాడు. మీ చేతికి వచ్చింది ఏ కాలపు ప్రతో చూసుకుని, కావాలంటే ముందుగా మీరు చదవండి. అభ్యంతరకరమైన వాక్యం వస్తే ‘ఈ మాట ఎవరినైనా బాధపెడుతుందా?’ అని పిల్లల్నే అడగవచ్చు. ఎనిమిదేళ్లు వస్తే ఈ ప్రశ్నకు వాళ్లు బాగా జవాబిస్తారు.

తెలుగులో ఏం చదివించాలి

ఇంగ్లిషులో ఉన్నట్టు దశలవారీ చాప్టర్ పుస్తకాలు తెలుగులో తక్కువ, ఇది మనసుకు కష్టమైన నిజం. చిన్న కథల పుస్తకాల నుంచి ఒక్కసారిగా పెద్దల నవలకు దూకాల్సి వస్తుంది. ఆ మధ్య ఖాళీని కొంత మనమే పూరించుకోవాలి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. నాలుగు స్థాయిలుగా విభజించి ఉంటాయి. మూడు, నాలుగు స్థాయిల కథలను రోజుకొకటి చొప్పున వరసగా చదివిస్తే చాప్టర్ పుస్తకానికి సాధన అవుతుంది. 1947లో మొదలైన చందమామ పాత సంచికల్లోని ధారావాహికలు ఇంకా మంచివి. నెలనెలా ఎదురుచూసేలా రాసినవి కాబట్టి ప్రతి భాగం చివర పట్టు ఉంటుంది. భాష కాస్త గ్రాంథికంగా అనిపిస్తే మొదట వినిపించండి.

ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ను పిల్లల చేతికిచ్చే ముందు బిగ్గరగా చదివి వినిపించాలి. ఆ పొడుగు వాక్యాలు, పిల్లవాడి తర్కం చెవికి అందాకే కంటికి అందుతాయి. బాపు బొమ్మలు చూపిస్తూ ఒక్కో భాగం చదివితే మూడో తరగతి నుంచే ఆనందిస్తారు.

తెలుగు పుస్తకం ఎంచుకునేటప్పుడు సంధులు కలిపి రాసిన పొడవాటి మాటలు ఎన్ని ఉన్నాయో ప్రత్యేకంగా చూడండి. మాటల మధ్య జాగా ఇచ్చి, వాడుక భాషలో రాసిన పుస్తకం అదే కథను కలిపి రాసిన ప్రతికంటే పిల్లలకు ఎంతో తేలిక.

పూర్తయ్యాక

ప్రశ్నపత్రం పెట్టవద్దు, నీతి ఏమిటని అడగవద్దు. ‘నీకు ఎవరు నచ్చారు? నువ్వయితే ఏం చేసేదానివి? రచయిత ఎక్కడైనా అన్యాయం చేశాడా?’ వంటివి మాట్లాడుకోవడానికి బాగుంటాయి. మీరు కూడా ఆ పుస్తకం చదివి ఉంటేనే ఈ మాటలు సాగుతాయి, అందుకే పిల్లల పుస్తకాలు పెద్దవాళ్లు చదవాలని గట్టిగా చెబుతాను.

తర్వాతి పుస్తకం కోసం మూడు నాలుగు ముందు పెట్టి ఎంపిక వాళ్లకే వదిలేయండి. అందులో ఒకటి వాళ్లకు తెలిసిన వరసలోది, ఒకటి పూర్తిగా కొత్తది, ఒకటి కథ కాని పుస్తకం ఉండేలా చూడండి. కొందరు పిల్లలకు కథలకంటే గ్రహాల గురించో పురుగుల గురించో చదవడమే ఇష్టం, వాళ్లకు అదే దారి. ఇక చదివిన పుస్తకాన్నే మళ్లీ తీసుకుని మొదటి పేజీ తెరిస్తే అడ్డు చెప్పకండి. మొదటిసారి ఏమవుతుందో అన్న ఆత్రంతో పరుగెత్తినచోట, రెండోసారి ఆగి బొమ్మలు చూస్తారు, మాటలు గమనిస్తారు.